కెమెరా వైపు చూడనివాళ్ళు

ప్యాంట్లు అడుగున, చొక్కాలు పైన, వాటి మధ్య లుంగీ. షేవింగు సామాను కవరులో చుట్టి పక్క అరలో. ఫిలోమినా తన తమ్ముడి బ్యాగు సర్దుతోంది.

అరకులో పది రోజుల షూటింగు. సాయంత్రం ఆరున్నరకు యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఎక్కాలి. ఏసుకుమార్‌కు యాభై నాలుగేళ్ళు. మోతీనగర్‌లో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉంటాడు. సినిమా కంపెనీలకు జూనియర్ ఆర్టిస్టులను పంపే ఏజెంటు. నలభై మందిని పొద్దున ఐదింటికల్లా లేపి వ్యానెక్కించగలడు గానీ తన బ్యాగు తను సర్దుకోలేడు. ఊరెళ్ళాలంటే బట్టలు మూటగట్టుకుని ఫిల్మ్ నగర్‌లోని అక్క ఇంటికి వస్తాడు.

"స్వెట్టరు పెట్టాను."

"ఫిబ్రవరిలో స్వెట్టరేంటక్కా?"

"అరకులో చలి పెట్టక ఉక్కపోస్తుందా? ఉండనీ."

"బైబిలు కూడా పెట్టావా?"

"పెట్టాను. పోయినసారి రిబ్బను ఏ పేజీలో పెట్టి పంపానో ఆ పేజీలోనే తిరిగొచ్చింది. ఈసారైనా కొంచెం కదిలించు."

ఏసుకుమార్ నవ్వాడు. నవ్వి కిటికీలోంచి బయటికి చూశాడు. పక్కింటి గోడమీద ఎర్ర రంగు గీత ఇంకా కొత్తగానే ఉంది.

పోయిన వారం ఈ కథ ఆ గీత దగ్గరే ఆగింది. రాతిగుట్ట సందులో నలభై రెండు ఇళ్ళున్నాయి. సందుకు పైన, కొండమీద, ముప్పై రెండు అంతస్తులు కట్టడానికి ఒక కంపెనీ అనుమతి అడిగింది. అంత ఎత్తు కట్టాలంటే కింద నలభై అడుగుల రోడ్డు చూపించాలి. ఉన్నది పద్దెనిమిది. తక్కిన ఇరవై రెండు అడుగులూ ఇళ్ళలోంచి రావాలి. అంటే ముందు వరుసలో పంతొమ్మిది ఇళ్ళు పోవాలి. ఫిలోమినా ఇల్లు అందులో ఏడోది. కొలతలవాళ్ళు గీసిన గీత ఆమె వంటింటి మధ్యలోంచి వెళ్ళింది. పొయ్యి రోడ్డులోకి పోతుంది, గిన్నెల అలమర ఇంట్లో మిగులుతుంది. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు గురువారం రెండున్నరకు మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చని నోటీసు అంటించారు. సందు మొత్తం తరఫున అభ్యంతరాల కాగితం రాసింది ఫిలోమినాయే. ఇవాళ ఆ గురువారం.

ఆమె ఎప్పుడూ బడికి వెళ్ళలేదు. నలభై ఏళ్ళు జూనియర్ ఆర్టిస్టుగా పనిచేసింది. పెళ్ళి సీన్లో వెనక నిలబడే ముత్తైదువ, చావు సీన్లో గోడకానుకుని ఏడ్చే పొరుగింటావిడ. షాటుకూ షాటుకూ మధ్య గంటల కొద్దీ కూర్చోవాలి. ఆ ఖాళీలో పాత వారపత్రికల మీద వేలు పెట్టి, తోటివాళ్ళను ఒక్కో అక్షరం అడిగి, చదవడం, రాయడం నేర్చుకుంది. ఆ పత్రికలు ఇప్పటికీ మంచం కింద తాళ్ళతో కట్టి ఉన్నాయి.

ఆమెకు ఇంకొక అలవాటు ఉంది. ముప్పై ఏళ్ళ కిందట భర్త మద్రాసులో షూటింగు అని వెళ్ళాడు. నెల తిరిగాక అతని బ్యాగు కంపెనీ వ్యానులో వచ్చింది. అతను రాలేదు. అప్పటినుంచీ ఎవరు ఊరెళ్తున్నా, బస్సు కదిలేదాకా వాళ్ళ బ్యాగు ఆమె ఒళ్ళోనే ఉంటుంది. అందరూ నవ్వుతారు. ఎవరూ కాదనరు.

"హియరింగు అయ్యాకే బస్సు. నువ్వు మాట్లాడితే ఆఫీసర్లు వింటారు. నాకు గొంతు వణుకుతుంది" అంది జిప్పు మూస్తూ.

"వస్తున్నానుగా అక్కా."

బాలమణిని పిలవడానికి ఫిలోమినా పక్కింటికి వెళ్ళింది. బాలమణి జడకు రబ్బరు బ్యాండు వెతుక్కుని, తాళం వెతుక్కుని, చివరికి ఆ తాళం చేతిలోనే ఉందని తెలుసుకునేసరికి పావుగంట పట్టింది. వాళ్ళు బయటికి వచ్చేటప్పటికి సందు మొగలో ఆగిన షూటింగు వ్యాను దగ్గరనుంచి ఏసుకుమార్ వెనక్కి వస్తున్నాడు. బ్యాగు అతని భుజానే ఉంది.

"ఎవర్రా ఆ వ్యాను?"

"తెలిసిన డ్రైవరేలే. పదండి, టైమైంది."

సర్కిల్ ఆఫీసు రెండో అంతస్తులో హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, మూల నీళ్ళ క్యాను, గోడకు ఒక పెద్ద టీవీ. రాతిగుట్ట సందునుంచి ముప్పై మందికి పైగా వచ్చారు. ఏసుకుమార్ చివరి వరుసలో తలుపు పక్కన కూర్చున్నాడు. బ్యాగు అప్పుడే ఫిలోమినా ఒళ్ళోకి చేరింది.

విచారణ జరిపే అధికారి వెంకటేశ్వరరావు. టౌన్ ప్లానింగ్‌లో ముప్పై మూడేళ్ళ సర్వీసు, రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలు. కళ్ళద్దాలు తుడుచుకుని, అభ్యంతరాల కాగితం మొత్తం చదివాడు. మధ్యలో ఆగలేదు.

"బాగా రాశారు. ఎవరు రాశారు?"

"నేనేనండి" అంది ఫిలోమినా.

కంపెనీ తరఫున వచ్చిన రిత్విక్‌కు ముప్పై ఏళ్ళుండవు. ల్యాప్‌టాప్ తెరిచి లేచి నిలబడ్డాడు. అతని వెంట వచ్చిన మనిషి మూల నిలబడి ఫోనుతో వీడియో తీయడం మొదలుపెట్టాడు. "సర్, విత్ రెస్పెక్ట్, ఈ అబ్జెక్షన్ చెల్లదు సర్. రెసిడెంట్స్ ఆల్రెడీ కన్సెంట్ ఇచ్చారు. జనవరి ఇరవైన బస్తీ సభ పెట్టాం. ముప్పై తొమ్మిది ఇళ్ళవాళ్ళు వచ్చారు. చేతులెత్తి ఒప్పుకున్నారు, సంతకాలు పెట్టారు. వీడియో ఉంది."

"గదేం సభ? మాకు తెల్వకుంట?" అంది బాలమణి.

"చూడండి మేడమ్" అని రిత్విక్ టీవీకి వైరు తగిలించాడు.

తెరమీద ఒక ఫంక్షన్ హాలు కనిపించింది. వరుసగా కుర్చీలు, కుర్చీల్లో జనం. కనపడని మనిషి ఎవరో మైకులో అడుగుతున్నాడు: రోడ్డు వెడల్పు చేయడానికి మీ అందరికీ సమ్మతమేనా? సమ్మతమైతే చేతులెత్తండి. ముప్పై తొమ్మిది చేతులు ఒక్కసారి లేచాయి.

బాలమణి గట్టిగా నవ్వింది.

"అయ్యో, గది నేనే! జూడు ఫిలోమినక్కా, మన షూటింగే గిది. టీవీల ఎప్పుడొస్తదని మా చిన్ని రోజూ అడుగుతుండె. గీడ ఏస్తున్నరేంది?"

కొందరు నవ్వారు. పోచయ్య అనే ముసలాయన తన బట్టతల తెరమీద చూసుకుని, "మంచిగనే వడ్డ" అన్నాడు.

ఫిలోమినా నవ్వలేదు. రెండో వరుసలో నాలుగో కుర్చీలో ఆకుపచ్చ చీర కట్టుకున్న ముసలావిడను చూస్తోంది. ఆవిడ కుడిచెయ్యి పైకి ఉంది.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

జనవరి ఇరవై మంగళవారం. ముందురోజు ఏసుకుమార్ ఫోను చేశాడు. పబ్లిక్ మీటింగు సీను, నలభై మంది కావాలి, సొంత బట్టలే, మనవాళ్ళకే ఇప్పిస్తున్నాను అన్నాడు. వెళ్ళారు. కూర్చోమన్నచోట కూర్చున్నారు. చేతులు మూడుసార్లు ఎత్తించారు, మూడోది బాగుందన్నారు. మధ్యాహ్నం చికెన్ పెట్టారు. వచ్చేముందు ఏసుకుమార్ ప్యాడు పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చాడు. పేరు, ఇంటి నంబరు, సంతకం. ఎప్పుడూ పెట్టేదే. సినిమా ఏమిటి, కథ ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. జూనియర్ ఆర్టిస్టు కథ అడగడు. కథ అడిగేవాణ్ణి రెండోసారి పిలవరు.

వెంకటేశ్వరరావు తెరను చూసి, ఫిలోమినాను చూశాడు.

"ఇది మీరేనా అమ్మా?"

"నేనేనండి."

"ఈ సంతకం?"

"నాదేనండి. కానీ నేను ఒప్పుకోలేదండి."

"చెయ్యెత్తి, సంతకం పెట్టి, ఒప్పుకోలేదంటే ఎట్లా?"

"చెయ్యెత్తమన్నారండి, ఎత్తాం. నలభై ఏళ్ళుగా ఏడవమంటే ఏడుస్తున్నాం. మేం ఏడ్చినప్పుడల్లా ఎవరూ చచ్చిపోలేదు కదండీ."

"సర్, ఇదంతా ఇప్పుడు అల్లుతున్న స్టోరీ" అన్నాడు రిత్విక్. "సభకు వచ్చారు, భోంచేశారు, ఇప్పుడు షూటింగు అంటున్నారు. పేపరు మీద క్లియర్‌గా ఉంది, కన్సెంట్ అని. ఇంత లెటర్ రాసినావిడకు అది చదవడం రాదా సర్?"

ఫిలోమినా వేళ్ళు బ్యాగు పట్టీ చుట్టూ బిగుసుకున్నాయి. చదవడం వచ్చు. గోడమీద వాల్‌పోస్టరు, బజ్జీ చుట్టిన కాగితం, మందు సీసామీద చీటీ, ఏది కనిపించినా చదువుతుంది. ఆ ఒక్కరోజు, ఆ ఒక్క కాగితం చదవలేదు. ప్యాడు తమ్ముడి చేతిలో ఉంది. అతను వేలు పెట్టి చూపించినచోట సంతకం పెట్టింది.

ఈ సంగతి ఆమె పైకి చెప్పలేదు.

"బాబూ, ఆ బొమ్మ ఇంకోసారి వెయ్యి" అంది.

రిత్విక్ అధికారి వైపు చూశాడు. వెయ్యమన్నట్టు అధికారి తలూపాడు.

"సార్, ఇందులో ముప్పై తొమ్మిది మందిమి ఉన్నాం. ఒక్కరైనా కెమెరా వైపు చూశారేమో చూడండి."

హాలంతా చూసింది. ముప్పై తొమ్మిది ముఖాలూ కనపడని వేదికవైపే ఉన్నాయి. చూపు పక్కకు తిరిగిన మనిషి లేడు.

"నిజంగా మీటింగుకు వచ్చిన జనం కెమెరా చూస్తారండి. కొంగు సర్దుకుంటారు, తల దువ్వుకుంటారు. మేం చూడం. చూస్తే షాటు పోతుంది. మమ్మల్ని లేపి బయట కూర్చోబెడతారు, మర్నాడు పిలవరు. ఈ బాబు మనిషి ఇందాకటినుంచీ ఆ మూల నిలబడి ఫోనుతో ఈ హాలు వీడియో తీస్తున్నాడు. మీరే రెండుసార్లు అటు చూశారు సార్."

వెంకటేశ్వరరావు అప్రయత్నంగా మూడోసారి అటు చూశాడు. బాలమణి మళ్ళీ నవ్వింది. ఈసారి హాల్లో సగం మంది నవ్వారు.

"ఇంకోసారి వెయ్యండి" అన్నాడు అధికారి. మూడుసార్లు వేయించుకున్నాడు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"మీరు చెప్పింది నిజమే అనిపిస్తోందమ్మా. కానీ నాకు అనిపించింది ఫైల్లో పెట్టలేను. కాగితం కావాలి. మిమ్మల్ని షూటింగుకే పిలిచారని రుజువు చేసే కాగితం. ఎవరు పిలిచారు?"

కుర్చీలు కిర్రుమన్నాయి. తలలన్నీ చివరి వరుస వైపు తిరిగాయి.

ఏసుకుమార్ అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"ఏంది తమ్మీ, షూటింగని నువ్వే గదా అన్నవ్?" బాలమణి గొంతులో ఇంకా కోపం లేదు. "జర సారుకు చెప్పు. నోట్ల బెల్లం వెట్టుకున్నవా?"

"నాకు కూడా షూటింగనే చెప్పారండి" అన్నాడు ఏసుకుమార్. అతని గొంతు ఎప్పటిలాగే స్పష్టంగా ఉంది. "కాల్‌షీట్ ఇచ్చారు. ఏ తేదీన, ఎక్కడికి, ఎంతమంది రావాలో రాసిన కాగితమండి. కింద స్టాంపు కూడా ఉంటుంది. మోతీనగర్‌లో నా గదిలో ఉంది. ఇప్పుడే తెస్తాను."

"సర్, అలాంటి పేపర్ ఏదీ లేదు" అన్నాడు రిత్విక్.

"ఉంటే తెస్తాడు, లేకపోతే లేదు" అన్నాడు వెంకటేశ్వరరావు. "ఐదింటికి నేను రికార్డు మూసేస్తాను. ఆ లోపల తీసుకురండి."

అప్పటికి మూడుంపావు.

ఫిలోమినా బ్యాగు ఎత్తుకుని అతని వెనకే వరండాలోకి వచ్చింది.

"ఏసూ. ఆగు. కాగితం పైన ఏం రాసుందో నువ్వు చదివావా?"

"పైన ఇంకో కాగితం పెట్టి క్లిప్పు బిగించి ఇచ్చారక్కా."

"అది ఎత్తి చూశావా?"

"ఆటో మాట్లాడుకోవాలి. టైమవుతోంది."

"నేనడిగింది అది కాదు."

అతను ఆమె చేతిలోని బ్యాగు వైపు చూశాడు. "ఇది నీ దగ్గరే ఉంచుకో. బ్యాగు లేకుండా నేనెక్కడికి పోతానక్కా? తిరిగొచ్చి ఇక్కణ్ణుంచే బస్సుకు పోతాను."

అతను మెట్లు దిగాడు. ఆమె పిట్టగోడ మీదినుంచి చూసింది. ఆటో ఎక్కబోతూ చొక్కా జేబు తడుముకున్నాడు, ఎక్కాడు. పైకి చూడలేదు.

ఆమె తిరిగివచ్చి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మూడున్నరకు ఆఫీసువాళ్ళు టీ తెచ్చారు. మూడు ముప్పావుకు పోచయ్య కునుకు తీశాడు. నాలుగు దాటిన పది నిమిషాలకు ఏసుకుమార్ ఫోను చేశాడు.

"ఎర్రగడ్డ దగ్గర ఉన్నానక్కా. ట్రాఫిక్. మెట్రో కింద అంగుళం కదలడం లేదు."

"దొరికిందా?"

"గదికి పోవాలిగా. కంగారుపడకు."

నాలుగున్నరకు ఆమె చేసింది. స్విచాఫ్ వచ్చింది. ఛార్జింగు అయిపోయి ఉంటుందని పక్కనున్నవాళ్ళకు చెప్పింది. వాళ్ళు అడగలేదు. నాలుగు నలభైకి చేసింది. నాలుగు నలభై ఐదుకు చేసింది. ప్రతి ఆటో చప్పుడుకూ పిట్టగోడ దగ్గరికి వెళ్ళి వచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ బ్యాగు వెంట తీసుకుపోయింది.

ఐదింటికి వెంకటేశ్వరరావు ఫైలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంకొక్క పది నిమిషాలు సార్."

"పది నిమిషాలు ఇస్తాను. అయినా అమ్మా, ఒకటి చెప్తాను వినండి." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ కాల్‌షీట్ లేకపోయినా ఒక దారి ఉంది. మిమ్మల్ని షూటింగు అని చెప్పి ఎవరు తీసుకెళ్ళారో, ఎవరు సంతకాలు పెట్టించారో, పేరు రాసి ఫిర్యాదు ఇవ్వండి. ఫిర్యాదు ఉంటే ఈ వీడియో, ఈ సంతకాలు పక్కన పెడతాను. మళ్ళీ విచారణ జరపాలని రాస్తాను. ఫిర్యాదు లేకపోతే మీ సమ్మతి ఉన్నట్టే లెక్క. రేపు పొద్దున ఫైలు పైకి పోతుంది."

"పేరు రాస్తే ఆ మనిషికి ఏమవుతుందండీ?"

"అది పోలీసుల పనమ్మా. నాది కాదు."

గుమాస్తా తెల్లకాగితం, పెన్ను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సందువాళ్ళు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు. పంతొమ్మిది ఇళ్ళవాళ్ళలో పన్నెండు ఇళ్ళవాళ్ళు అక్కడే ఉన్నారు.

"రాయక్కా" అంది బాలమణి చివరికి. "నీ తమ్ముడే గానీ, నా ఇల్లు గూడ గా గీతల్నే ఉంది."

"వాడొస్తాడు బాలమణీ. బ్యాగు నా దగ్గరే ఉంది."

"బ్యాగుల ఏముంది, బంగారమా?"

"బట్టలు. ఇవాళ నేనే సర్దాను."

"అయితే తియ్యి, జూస్తం. గా కాయితం గిట్ల అండ్లనే వెట్టి మర్షిండేమో!"

ఈ ఆలోచన ఫిలోమినాకు రాలేదు. వచ్చి ఉండాల్సింది. ఆమె గబగబా జిప్పు లాగింది.

పైన ఒక తువ్వాలు పరిచి ఉంది. తువ్వాలు కింద పాత వారపత్రికలు. తాళ్ళతో కట్టిన రెండు కట్టలు, ముళ్ళు ఆమె వేసినవే. సినిమాల్లో ఊరెళ్ళేవాళ్ళ పెట్టెల్లో బట్టలు పెట్టరు. బరువు కోసం పాత పేపర్లు కుక్కుతారు. అలాంటి పెట్టెలు ఆమె ఎన్నో మోసింది. ఈ బ్యాగును మధ్యాహ్నం నుంచీ ఒళ్ళో పెట్టుకునే ఉంది. బరువులో తేడా తెలియలేదు.

బయల్దేరేముందు సందు మొగలో ఆగిన వ్యాను గుర్తుకొచ్చింది.

కట్టలు పక్కకు తీసి అడుగుదాకా వెతికింది. పక్క అర చూసింది. చొక్కాలు లేవు. షేవింగు సామాను లేదు. స్వెట్టరు, బైబిలు కూడా లేవు. ఆ రెండూ తీసుకెళ్ళాడు.

బాలమణి ఒక కట్ట చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ బ్యాగులో పెట్టింది.

ఫిలోమినా జిప్పు మూసింది. బ్యాగును కుర్చీ కింద పెట్టింది. కాగితం దగ్గరికి లాక్కుని పైన తారీఖు వేసింది. తన పేరు, ఇంటి నంబరు రాసింది. తర్వాత, ఒత్తు అక్షరాలు సరిగ్గా పడేలా నెమ్మదిగా, "మమ్మల్ని షూటింగు అని చెప్పి తీసుకెళ్ళి ఈ సంతకాలు పెట్టించిన వ్యక్తి పేరు" అని రాసింది. పక్కన రెండు చుక్కలు పెట్టింది.

"ఐదుంపావు అయిందమ్మా" అన్నాడు వెంకటేశ్వరరావు.

కింద ఒక ఆటో ఆగింది. అందరూ తలుపు వైపు చూశారు. మెట్లమీద అడుగుల చప్పుడు మొదటి అంతస్తు దాకా వచ్చి ఆగిపోయింది.

ఏసుకుమార్ తిరిగి రాలేదు. ఫిబ్రవరి పన్నెండో తేదీ, గురువారం, ఐదింటికి రాలేదు. ఆ తర్వాత ఏ రోజూ రాలేదు.